నట్టు కట్టిన గాలం

అరబ్బు దేశానికొచ్చి షువైఖ్ గ్యారేజీల్లో పనిచేసే మాకు గాలానికి సీసపు గుండు కొనే అలవాటు లేదు. పాత నట్టు ఒకటి దారానికి కట్టి విసురుతాం. నేనైతే ఏకంగా లారీ చక్రం నట్టే కట్టాను. సముద్రం అంత పెద్దది కదా, నట్టు కూడా పెద్దదే కావాలని నా లెక్క. రాయచోటి మెట్టపొలాల్లో పుట్టినవాడికి సముద్రం గురించి అంతకంటే ఏం తెలుస్తుంది?

ఆ ఫిబ్రవరి శుక్రవారం పొద్దున, సాల్మియా ఒడ్డున రాళ్ల మీద కూర్చుని భాయ్ నా గాలం చూసి పడీపడీ నవ్వాడు. భాయ్ మా గ్యారేజీలో అందరికంటే పాత మెకానిక్. మా ఊరివైపు మనిషే.

“చేపను పడతావా, చంపుతావా అప్పా? ఇప్పుడు షేమ్ చేపలు గుడ్లు పెట్టేదానికి ముందు ఒడ్డుకు వచ్చాంటాయి. నీళ్లు సల్లగుంటే అవి గట్టిగా కొరకవు. అట్ల తాకి ఇట్ల పోతాయి. ఇంత బరువు కడితే నీకేం తెలుస్తాది?”

లారీ నట్టు విప్పేసి, జేబులోంచి చిన్నది ఏదో తీసి, నాకు చూపించకుండా కట్టాడు. రొయ్యముక్క గుచ్చి విసిరాడు. దారం తెచ్చి నా కుడి చూపుడువేలి మీద వేశాడు. “మిగిలిన వేళ్లు ముడుచుకో. ఇది ఒగటే పని చేయల్ల” అన్నాడు.

ఆ వేలే నా బాధంతా. చలి మొదలవుతుండగా జాకీ మీదనుంచి గేర్‌బాక్స్ జారి దాన్ని నలిపేసింది. ఎముక అతుక్కుంది కానీ స్పర్శ రాలేదు. డాక్టరు నిదానంగా రావచ్చన్నాడు, రకరకాల వస్తువులు తాకుతూ ఉండమన్నాడు. మెకానిక్ పనిలో కంటికి కనిపించేది సగమే. మిగతా సగం ఇంజన్ వెనక, చెయ్యి మాత్రమే దూరే సందులో, వేలికొసతో తడుముకుంటూ నట్టును థ్రెడ్డు మీదికి ఎక్కించడం. నా వేలికి నట్టూ ఒకటే, గులకరాయీ ఒకటే. ఫోర్‌మన్ నన్ను డీజిల్ డబ్బా ముందు కూర్చోబెట్టి సామాన్లు కడిగించేవాడు. గుడ్డికంటే మెల్ల నయం అనుకుని కడిగాను. చివరికి ఆయన నెలాఖరుదాకా గడువు పెట్టాడు. అప్పటికీ వేలికి స్పర్శ రాకపోతే, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాగితం పొడిగించమని మా యజమాని కఫీల్‌ని అడగలేనన్నాడు.

నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజుల్లో నాతో మాట్లాడటానికి రూములో అందరూ జంకేవాళ్లు.

మొదటి శుక్రవారం ఏమీ తెలియలేదు. దారం లాగి చూస్తే ప్రతిసారీ రొయ్య మాయం. రెండో శుక్రవారమూ అంతే. చేపలు నా ఎదురుగానే తిని పోతున్నాయి, నాకు వార్త లేదు. దారం విసిరికొట్టాను.

“నన్నెగతాళి చేసేదానికి తెచ్చినావా భాయ్? నాకు సేతగాదు, ఖలాస్!”

ఆయన ఫ్లాస్కులోంచి పాలు లేని టీ వంచి, గ్లాసు నా వేలికి ఆనించాడు. “ముందు వేలు కాచుకో. తల ఎట్లాగూ కాగే ఉండాది” అన్నాడు. నవ్వొచ్చింది, ఏం చేయను? దారం మళ్లీ తీసుకున్నాను.

మూడో శుక్రవారం గాలి కోసేస్తోంది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. వేలికొస మీద ఈగ వాలినట్టయింది. ఈగే అనుకున్నాను. మళ్లీ వాలింది, ఈసారి దారం లోపల్నుంచి.

“తగిలింది భాయ్! నాకు తెలిసింది!”

“మరి లాగల్ల గదరా!”

లాగడం మర్చిపోయాను. లాగేసరికి కొక్కెం ఖాళీగా వచ్చింది. నేను మాత్రం లాటరీ తగిలినవాడిలా రాళ్ల మీద నిలబడి అరుస్తున్నాను. పక్కన గాలాలు వేసినవాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లలా చూశారు.

భాయ్ దారం కొసనున్న నట్టు విప్పాడు. “కండ్లు మూసుకో” అని నా చేతిలో పెట్టాడు. వారం వారం ఒక్కో సైజు కట్టాడట, ఏదీ నాకు చెప్పలేదు. బొటనవేలికీ ఆ చూపుడువేలికీ మధ్య దాన్ని తిప్పాను. ఒక అంచు తెలిసింది. తర్వాత ఇంకొకటి.

“పది నంబరు” అన్నాను.

“అదే” అని ఆయన నట్టు తీసి జేబులో వేసుకున్నాడు. “రేపట్నించి ఆ డీజిల్ డబ్బా ముట్టుకోవాకు” అన్నాడు.

మర్నాడు ఒక బండికి స్టార్టర్ వెనకున్న నట్టు చూడకుండా ఎక్కించాను. మునుపు చిటికెలో అయ్యే పనికి పావుగంట పట్టింది. ఫోర్‌మన్ పక్కనే నిలబడి చూసి, యల్లా అని ఇంకో బండి చూపించాడు. ఇఖామా నిలబడింది. నా అన్నం నిలబెట్టింది భాయే, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను.

ఇప్పటికీ ఫిబ్రవరి వస్తే ఇద్దరం అక్కడే కూర్చుంటాం. భాయ్ వేళ్లకు ఇప్పుడు వయసు మీద పడింది, షేమ్ తాకితే ఆయనకు సరిగా తెలియదు. పైకి ఒప్పుకోడు. నేను టీ వంచి, గ్లాసు ముందు ఆయన వేళ్లకు ఆనిస్తాను.