సాకు అన్నదెవరు?

దెయ్యాలున్నాయా లేవా అన్న వాదనలోకి నేనెప్పుడూ దిగలేదు. దిగడమే తక్కువతనం అనుకునేదాన్ని. అద్దె ఇంట్లో గజ్జెల చప్పుడు విన్నామనీ, నైట్ బస్సులో పక్క సీటు మనిషి మాయమయ్యాడనీ చెప్పేవాళ్ళను చూస్తే నాకు భయం కాదు, జాలి కూడా కాదు, ఒళ్ళుమంట. ఎలకలకు బోను పెట్టుకోలేనివాళ్ళు దెయ్యమంటారు. బస్సులో గుర్రుపెట్టి నిద్రపోయినవాళ్ళు మనిషి మాయమయ్యాడంటారు.

నేను బెంగళూరులో ఒక చిప్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. కొత్త బోర్డులను వేడి చేసి, చల్లార్చి, కరెంటు పెంచి, తగ్గించి, ఎక్కడ కూలబడతాయో చూడటం నా పని. కారణం లేని లోపం నేనింతవరకు చూడలేదు. కారణం దొరకలేదన్న ప్రతివాడూ మధ్యలో వెతకడం మానేసినవాడే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివాక నన్నూ ఆ గజ్జెల చప్పుడు బ్యాచ్‌లో కలిపేస్తారు. కలుపుకోండి, నాకేం పోయింది.

మాది తెనాలి. పెళ్ళయి బెంగళూరులోనే పీణ్య దగ్గర అత్తగారింటికి వచ్చి అప్పటికి కొన్ని నెలలే. వాళ్ళు తాతల నాటి నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. వాళ్ళది తెలుగంటే తెలుగు కాదు, కన్నడమంటే కన్నడం కాదు. 'ఉండాది', 'సుమ్నే', 'బేజారు' అన్నీ ఒకే వాక్యంలో పడతాయి. పెళ్ళికి ముందు కూడా నేను చాలా ఏళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నాను గానీ, ఆఫీసు, తెలుగమ్మాయిల హాస్టలు, ఆంధ్రా మెస్సు, అంతే. కన్నడం ఒక్క ముక్క నేర్చుకోలేదు. నేర్చుకోనందుకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఇంట్లో మావారు, అత్తయ్య, మరిది చేతన్. మామగారు నేను ఆ ఇంటికి రాకముందే పోయారు. ఇది జరిగినప్పుడు మావారు ఆఫీసు పని మీద చెన్నైలో ఉన్నారు.

చేతన్ డిగ్రీ అయ్యాక చేసిందల్లా కంప్యూటర్ గేములు ఆడటం. బాగా ఆడతాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. జీతమిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే ఒక టీమ్ వాళ్ళు వాడి ఆట చూస్తామన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో సెలక్షన్ మ్యాచ్‌లు. నెగ్గితే టీమ్‌లో చోటు. లేకపోతే మర్నాటి నుంచి పీణ్యలో మేనమామ అట్టపెట్టెల కార్ఖానాకి పోవాలి. అది అత్తయ్య పెట్టిన షరతు. వాడు సరేనన్నాడు. ఆ ఆదివారం తప్ప వాడి కళ్ళకి ఇంకేమీ కనిపించడం లేదు.

అప్పుడు మొదలైంది కార్డు గోల. వాడి గ్రాఫిక్స్ కార్డు పాతది, ఆట జోరందుకోగానే తెర మీద బొమ్మ తడబడుతోందట. "కార్డు మీద సాకు చెప్పకురా, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని ఒకటికి రెండుసార్లు అన్నాను. తీరా పక్కన కూర్చుని చూస్తే నిజంగానే తడబడుతోంది. అప్పటికే వాడు ఎవడో యూట్యూబ్ మేధావి మాట విని, కార్డు వేగం పెంచే సాఫ్ట్‌వేర్‌లో గీతని ఈ కొస నుంచి ఆ కొసకి లాగేసి ఉన్నాడు. ఓవర్‌క్లాకింగ్ అంటే వీళ్ళకి పొయ్యి మంట పెంచడం. గిన్నెలో అన్నం ఉడుకుతోందో మాడుతోందో మూత తీసి చూడరు.

"ఇటు జరుగు" అని నేనే కూర్చున్నాను. అది శనివారం, పట్టపగలు.

కంప్యూటర్ పెట్టె విప్పితే లోపల విభూతి. ఆయుధపూజ అయి అప్పటికి వారం కాలేదు. స్కూటర్‌కీ మిక్సీకీ కుట్టుమిషనుకీ చేసినట్టే, అత్తయ్య కంప్యూటర్ తలుపు కూడా తీయించి కార్డు మీద మూడు వేళ్ళతో విభూతి పూసి, కుంకుమ పెట్టి, చామంతి రెక్కలు చల్లింది. ఆ పొడంతా ఫ్యాన్లలోకి పోయి పేరుకుంది. నేను బ్రష్‌తో దులుపుతుంటే గుమ్మంలోకి వచ్చింది.

"అట్ల తుడిచేస్తే ఎట్లమ్మా? పూజ చేసిండేది కదా."

"ఆ పూజకే అత్తయ్యా ఇది ఊపిరాడక చస్తోంది" అన్నాను. ఆవిడ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

చిప్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాశాను. వేడెక్కక ముందే ఫ్యాన్లు వేగం అందుకునేలా పెట్టాను. ఆ తర్వాతే కార్డు వేగం జోలికి వెళ్ళాను. కొంచెం పెంచడం, బరువైన టెస్టు నడపడం, వేడి చూడటం, తెర మీద చుక్కలు గానీ చారలు గానీ వస్తున్నాయేమో చూడటం. ఏమీ లేకపోతే ఇంకొంచెం. తేడా కనిపించిన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి వచ్చి స్థిరపడటం. ఇంతే విద్య. కావలసిందల్లా ఓపిక. అదే ఈ గేమర్ల ఇళ్ళలో దొరకని సరుకు.

టెస్టుకి శబ్దం కూడా ఉంటుంది కాబట్టి చేతన్ హెడ్‌సెట్ పెట్టుకున్నాను. బాగానే పైకి వచ్చాను. ఇంకొక మెట్టు పెంచగానే కుడి చెవిలో ఎవరో "సాకు" అన్నారు.

ముసలాయన గొంతు. కఫం అడ్డం పడ్డట్టు కాస్త బొంగురుగా ఉంది. కోపం లేదు, బెదిరింపు లేదు, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నేను చేతన్‌ని అన్న మాట వాడు తన స్నేహితులకి చెప్పాడనీ, వాళ్ళెవరో లైన్లో ఉండి నన్ను వెక్కిరిస్తున్నారనీ అనుకున్నాను. వెనక్కి తిరిగితే వాడు దుప్పటి కప్పుకుని మంచం మీద పడుకున్నాడు. వాణ్ణి కడిగేశాను.

"ఎవరూ లేరు వదినా" అన్నాడు వాడు. "నెట్టే ఆఫ్‌లో ఉండాది, చూడు."

చూశాను. ఆఫ్‌లోనే ఉంది. ఇటు తిరిగేసరికి తెర నిండా పచ్చ చుక్కలు, టెస్టు కూలబడింది.

నేను టెస్టర్ని. అలాంటిది జరిగితే చేసేది ఒకటే, మళ్ళీ జరిపించడం. అన్నీ మూసి, నెట్ తీగ పీకి, మళ్ళీ మొదటి నుంచి పెంచుకుంటూ వచ్చాను. అదే మెట్టు దగ్గర అదే గొంతు, ఆ వెంటనే చుక్కలు. హెడ్‌సెట్ పీకి టేబుల్ అవతల పెట్టి చేశాను. ఈసారి పెట్టె పక్క నుంచి వినిపించింది. బరువు పడితే కార్డులోని తీగచుట్టలు సన్నగా కూస్తాయి, ఆ సంగతి నాకు తెలుసు. అర్థం లేని చప్పుళ్ళలో మనిషి చెవి మాటలు ఏరుకుంటుందనీ తెలుసు. కానీ ఆ కూత ఈలలా ఉంటుంది. ఇది గొంతు. ఫోన్లో రికార్డు చేసి విన్నాను. ఫ్యాన్ల హోరు, వంటింట్లో కుక్కర్ కూత తప్ప అందులో ఏమీ లేదు.

భోజనాల దగ్గర అత్తయ్యని నిలదీశాను. "ఈ ఇంట్లో నన్ను సాకు, సాకు అని దెప్పుతున్నదెవరు? నేనేం సాకులు చెప్పానని?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "సాకంటే చాలు అని కదమ్మా కన్నడంలో. ఇన్నేండ్లు ఈ ఊర్లో ఉండి అన్నం తింటా ఉండావు, అంత కూడా తెలీదా?"

జరిగింది చెప్పాను. "ఎవరో చాలంటా ఉంటే నిలిపేయల్ల. మళ్ళా మళ్ళా ఎందుకు తిప్పితివి?" అంది, అదేదో పక్కింటివాళ్ళు చెప్పిన మాటయినట్టు.

ఇక కొంగుతో కళ్ళొత్తుకుని, అది మీ మామగారి గొంతేనమ్మా అంటుందని ఎదురుచూశాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ మజ్జిగ పోసుకుంటూ, "మీ మామది కీచు గొంతు. ముసిలోడు అయ్యేదానికి ముందే పాయె. ఆయన కాదులే" అంది. ఆ ఇంట్లో అలాంటి గొంతున్న మనిషి ఎప్పుడూ లేడట. నా జవాబు నా దగ్గరే మిగిలిపోయింది.

ఒక మెట్టు వెనక్కి తగ్గించి సాయంత్రం దాకా టెస్టు నడిపాను. గొంతూ లేదు, చుక్కా లేదు. తీగల కూతే, నా చెవే మోసపోయిందని తేల్చేసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం చేతన్ ఆటకి కూర్చున్నాడు. స్వెట్టరు వేసుకుని, టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. చలేస్తోందా అని అడిగితే "సుమ్నే వదినా" అన్నాడు, ఊరికేనట. అత్తయ్య తలుపు దగ్గర కుర్చీలో చిక్కుళ్ళు వలుస్తోంది. నేను వాడి వెనక నిలబడి, పక్క తెర మీద కార్డు వేడి, ఫ్యాన్ల వేగం చూస్తున్నాను. అన్నీ హద్దులోనే ఉన్నాయి. బొమ్మ నీళ్ళలా సాగుతోంది. వాడు ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. ఆఖరి మ్యాచ్‌లో వాడి వైపువాళ్ళు గెలుపు అంచున ఉన్నారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

వాడు ఉన్నట్టుండి మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు. హెడ్‌సెట్ తీసి కింద పెట్టాడు. నా వైపు తిరిగి, "సరే వదినా" అన్నాడు. లేచి నిలబడబోయి పక్కకి ఒరిగిపోయాడు.

పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. చిగుళ్ళ నుంచి రక్తం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డెంగీ. రోజుల తరబడి జ్వరం ఉంటే, మ్యాచ్ ఆడనివ్వరని భయపడి మెడికల్ షాపు బిళ్ళలు మింగుతూ దాచాడు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమీ చెప్పలేకపోయేవాళ్ళమన్నారు డాక్టరు. కార్డు ఎంత వేడెక్కుతోందో నాకు క్షణక్షణం తెలుసు. దాని ముందు కూర్చున్నవాడి నుదుటి మీద ఒక్కసారీ చెయ్యి పెట్టలేదు. ఆ రాత్రంతా అత్తయ్య ముఖం చూడలేకపోయాను.

టీమ్ వాళ్ళు ఆగలేదు. నువ్వు మధ్యలో వదిలేశావు, చోటు ఇంకొకరికిచ్చాం అని ఒక మెసేజ్ పడేశారు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. వాళ్ళ మర్యాద అంతవరకే.

మాట్లాడే ఓపిక వచ్చాక చేతన్‌ని అడిగాను, గెలిచే ఆట ఎందుకు వదిలేశావని.

"నువ్వే కదా వదినా సాకంటివి. అందుకే లేచినా."

నేను నోరు విప్పలేదన్నాను. "నీ గొంతే" అన్నాడు. జ్వరంలో అలాగే వినిపిస్తుంది అనుకున్నాను. కానీ పక్కనున్న అత్తయ్యకి జ్వరం లేదు. "నేనూ వింటినే. ఆట మధ్యలో దీనికేమొచ్చిందబ్బా అని నీ పక్క చూస్తిని కూడా" అంది. ఆవిడ అబద్ధం చెబుతోందని నమ్మడానికి చాలా ప్రయత్నించాను. నా మనసు కోసం అబద్ధం చెప్పేంత మర్యాద ఆవిడకి లేదు.

తర్వాత కార్డుని మా ఆఫీసుకి తీసుకెళ్ళి టెస్టు బెంచి మీద పెట్టాను. పై మెట్టులో పచ్చ చుక్కలు వచ్చాయి, గొంతు రాలేదు. మ్యాచ్‌లో ఉన్న మెట్టులో ఏ లోపమూ లేదు.

చేతన్ ఇప్పుడు అట్టపెట్టెల కార్ఖానాకి వెళ్తున్నాడు. బాగుందని చెప్పడు, బాగాలేదనీ చెప్పడు. ఆ రోజు వాడితో ఆడిన కుర్రాడొకడు మ్యాచ్ రికార్డింగ్ వాడికి పంపాడు. నేను అడిగి తీసుకుని, తలుపేసుకుని విన్నాను. కుర్రాళ్ళ అరుపుల వెనక, వాడి మైకులో, ఒక ఆడగొంతు "సాకు" అంది. నా గొంతే. తెనాలి యాస కూడా ఉంది.

తెలియకుండా నువ్వే అని ఉంటావు అంటారు మావారు. సరే, అదే అనుకుందాం. కానీ చాలనాల్సి వస్తే చాలనేదాన్ని, ఆ కన్నడం మాట జన్మలో వాడలేదు. పైగా వాడు గెలుస్తున్నాడు, కార్డు చల్లగా ఉంది, జ్వరం సంగతి నాకు తెలియదు. నేను ఎందుకు చాలంటాను?

"అంటివి, వాడు బతికినాడు. ఇంకేమి కావల్ల నీకు?" అంటుంది అత్తయ్య.

నాకు కారణం కావాలి. ఇప్పటికీ దొరకలేదు.