చీనీ తోట దాకా పోయిన పాఠం

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు పోయేవాళ్ళు ఎర్రగుంట్ల మీదుగా పోవడమే మేలు. నేను మాత్రం ఆ శుక్రవారం పొద్దున ఆరుంబావుకు జమ్మలమడుగు బస్సెక్కినాను. చుట్టుదారి అని తెలిసే ఎక్కినాను. నేను కలవాల్సిన మనిషి శేఖర్ ఆ పూట పార్టీ పని మీద జమ్మలమడుగులో ఉంటాడని చెప్పినారు.

శేఖర్ ఒకప్పుడు నా దగ్గర హిస్టరీ చదువుకున్నాడు. ఇప్పుడు సింహాద్రిపురం అవతల మా అక్కోళ్ళ పల్లెలోనూ, దాని చుట్టూ ఉండే పల్లెల్లోనూ ఆయప్ప చెప్పిందే మాట. ఎలక్షన్లలో మా బావ చెన్నయ్య అవతలి పార్టీ ఏజెంటుగా పోలింగు బూతులో కూర్చున్నాడు. ఆయన చేసిన నేరం అదొక్కటే. శేఖర్ పార్టీ గెలిచిన వారానికి ఇంటికి కబురొచ్చింది. శుక్రవారం పొద్దు గూకేలోగా ఊరు విడవాల, లేదంటే చీనీ తోట ఉండదు. ఎనిమిదేండ్ల బత్తాయి తోట అది. బోరు ఎండిపోయిన రెండేండ్లు మా అక్క లచ్చుమమ్మ బిందెలతో నీళ్ళు మోసి బతికించుకున్న చెట్లు. కొమ్మలు వంగేంత కాపు పట్టింది ఆ ఏడే.

గురువారం సాయంత్రం అక్క ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసింది. ఏడవలేదు. "నీ దగ్గర చదువుకున్నోడే గదా అబ్బీ. నీ మాటంటే వానికి గురి. వచ్చి చెప్పు" అని పెట్టేసింది.

బస్సెక్కేటప్పటికే నా కడుపు మండుతా ఉంది. ఎందుకో చెప్తాను. నెల కిందట యాడో పెద్ద ఊర్లో బాంబులు పేలినాయని ప్రొద్దుటూరులో పెద్దమనుషులు సభ పెట్టినారు. తీవ్రవాదాన్ని ఎట్ల అణచాలో చరిత్ర తెలిసినోడు చెప్పాలని నన్ను పిలిచినారు. నేను మైకు పట్టుకుని, గుర్రాల మీద వచ్చి ఊర్లకు ఊర్లు బూడిద చేసిన మంగోలు రాజు కథ ఎత్తుకున్నాను. కోట తలుపులు తీయమని ఒకసారి చెప్పేవాడు, తీయకుంటే పిల్లీ కుక్కా మిగిలేవి కావు, అందుకే ఆయప్ప మీద తిరగబడేదానికి మనిషి ఉండేవాడు కాదు, తీవ్రవాదులకు అదే మందు అన్నాను. చప్పట్లే చప్పట్లు. ముందు వరసలో తెల్లచొక్కాలేసుకుని కొట్టినోళ్ళలో సగం మంది ఇండ్లలో నాటుబాంబులు ఉంటాయని ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా తీవ్రవాది అంటే యాడో దూరంగా, మనకు రాని భాష మాట్లాడేవాడనే అనుకున్నాను. చప్పట్లు చెవులకు అంత ఇంపుగా ఉండె.

బస్సులో నా పక్కన కూర్చున్నాయన బట్టల వ్యాపారి. ముఖం చూసి గుర్తుపట్టినాడు. "సార్, ఆ సభలో శానా బాగా మాట్లాడినారు. ఎక్కడికక్కడ తుడిచేయాల, అంతే" అన్నాడు. ఇంకోరోజయితే పొంగిపోయి పేరూ ఊరూ అడిగేవాన్ని. ఆ పొద్దు కిటికీ బయటికి చూస్తా కూర్చున్నాను. నల్లరేగడి చేలు, గట్ల మీద నిలబెట్టిన బండలు, దూరంగా గండికోట కొండ వరస. ఆయన ఆ కొండ చూపించి, ఫిరంగులతో ఆ కోట కొట్టినోని ముందు ఎవురైనా నోరెత్తినారా అని మళ్ళీ మొదలుపెట్టినాడు. బస్సు దిగేదాకా తుడిచేసే పనిలోనే ఉండాడు.

ఏడుకు జమ్మలమడుగు. బస్టాండు ఎదురుగా ఉండే హోటల్లో ఎర్రకారం దోసె బాగుంటుంది. పోయేవాళ్ళు తప్పక తినండి. నేను సగం వదిలేసి గెస్టుహౌసుకు నడిచినాను. శేఖర్ లేడు. సార్ వస్తాండాడని రాత్రే తెలిసిందంట, అయినా అర్జెంటు పని పడి తెల్లవారకముందే పులివెందులకు పోయినాడని వాచ్‌మన్ చెప్పినాడు. ఎనిమిదికి ముద్దనూరు మీదుగా పోయే బస్సు దొరికింది. సీటు దొరకలేదు. గుట్టల నడుమ రోడ్డు గుంతలు, పక్కన ఎవరిదో కోళ్ళ గంప, నా నడుము విరిగింది. పదింబావుకు పులివెందులలో దిగి, శేఖర్ ఇల్లు అడిగితే చెప్పనోడు లేడు.

గేటు దగ్గర నలుగురు నా సంచి తెరిచి చూసినారు. ఒక పంచె, ఒక తువ్వాలు. లోపలికి పోతే శేఖర్ పరుగెత్తుకుంటా వచ్చి కాళ్ళకు దండం పెట్టినాడు. కుర్చీలో నన్ను కూర్చోబెట్టి తాను నిలబడినాడు. కూర్చోమంటే గాని కూర్చోలేదు. కాఫీ తెప్పించినాడు. నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగినాడు. వాని బిడ్డను పిలిచి, మా సారు అని చూపించినాడు. ఇంత మర్యాద చేసేవాడు మాట కాదంటాడా అనుకున్నాను.

అక్క సంగతి ఎత్తినాను. తల వంచుకుని విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"సార్, మీరు చెప్పిందే చేస్తాండాం. శత్రువును సగంలో వదిలినోనికి నిద్ర ఉండదని మీరు చెప్తే నోట్సులో రాసుకున్నా. మొన్న సభలో గూడా అదే చెప్తిరి. పేపర్లో వచ్చింది. కత్తిరించి పెట్టుకున్నా."

"అది తీవ్రవాదుల గురించి చెప్పింది రా."

"మా మీదికి బాంబులేసినోడు మాకు తీవ్రవాదే గదా సార్."

"మా బావ యేసినాడా?"

"యేసినోల్ల పక్కన కూర్చున్నాడు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. అప్పుడు మొదలుపెట్టినాను. ఆ రాజు కథ ఆడికి అయిపోలేదన్నాను. ఆయప్ప మనుషులు కాలువలు తెంచేసినారు, వందల ఏండ్ల కాలువలు, నీళ్ళు పారిన చేలు ఇసకదిబ్బలయినాయి, ఏలుకునేదానికి పంటే లేకపాయె. మనవళ్ళ కాలానికి వాళ్ళలో వాళ్ళే కత్తులు దూసుకున్నారు. ఊచకోతలో తప్పించుకున్నోడు కొండల్లో దాక్కుని పిల్లలకు పగ ఒక్కటే నేర్పించినాడు. ఆయప్ప దగ్గర మనం నేర్చుకునేదేమన్నా ఉంటే అట్ల చేయకూడదని నేర్చుకోవాల, తీవ్రవాదిని పట్టాలంటే వాని పక్కింటోడు మన దిక్కు ఉండాల, పక్కింటిని గూడా కాలిస్తే వాన్ని పట్టిచ్చేదెవుడు అని అడిగినాను. క్లాసులో గూడా అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

శేఖర్ శ్రద్ధగా విన్నాడు. "ఇదంతా మాకు అప్పుడు చెప్పలేదే సార్" అన్నాడు.

చెప్పలేదు. పుస్తకంలో ఉండె. ఆ నాలుగు పేజీలు పరీక్షకు రావని ప్రతి ఏడూ పెన్సిలుతో కొట్టేయించినాను. విజయాలు రాయమని ప్రశ్న వచ్చేది, పది మార్కులు. విజయాల వరకే చెప్పి, ఊచకోతలు కథ మాదిరి ఊరించి చెప్పి, గంట కొట్టగానే పోయినాను. అట్ల ఎంతమంది పిల్లలకు చెప్పినానో.

ఆ మాటే వానితో అన్నాను. నవ్వినాడు. అన్నం పెట్టించినాడు. రాగిసంగటి, నాటుకోడి. తినేటప్పుడు గూడా ప్రశ్నలడిగినాడు, నేను జవాబులు చెప్పినాను. నడుమ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చివరకు, మీరు చెప్పింది నిజమే సార్, మీ అక్క మీద గాని బావ మీద గాని చెయ్యి పడదు, నా బిడ్డ మీద ఒట్టు అన్నాడు. నేను గెలిచినాననుకున్నాను. తోట అనే మాట వాని నోట రాలేదు. నేనూ అడగలేదు. ముసలివయసులో వాదన గెలిచిన సంబరం అట్లాంటిది.

ఒంటిగంటన్నరకు తన జీపులోనే పంపించినాడు. సింహాద్రిపురం దాటి మట్టిరోడ్డు ఎక్కినాక దూరం నుంచే తెలిసింది. పచ్చగా కనపడాల్సిన చోట ఆకాశం కనపడతా ఉంది. జీపు ఆపమని దిగినాను. మూడు నూర్ల చెట్లు, మోకాలెత్తుకు నరికినారు. ఒకటి గూడా వదల్లేదు. పచ్చికాయలు నేలంతా. యాడ చూసినా చీనీ ఆకు వాసన. గొర్రెలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి ఉండాడు. మంద ఆకు తింటా ఉంటే తోలలేక, తిననీలేక నిలబడినాడు పాపం. ఎప్పుడు నరికినారని అడిగితే, తొమ్మిదికి మొదలుపెట్టినారు, పన్నెండుకు అయిపాయె అన్నాడు.

తొమ్మిదికి నేను బస్సులో ఉండాను. గడువేమో పొద్దు గూకేదాకా ఇచ్చిరి గదా, ఇదేంది అని జీపు డ్రైవరును పట్టుకున్నాను. చొక్కా పట్టుకున్నాననుకుంటా. వాడు భయపడలేదు, సిగ్గుపడినాడు. "అన్నకు మీరంటే శానా గౌరవం సార్. ఎదురుగా అడిగితే సారుకు కాదని చెప్పలేను, ఆయన వచ్చేలోపలే కానియ్యండి అన్యాడు" అన్నాడు.

థూ, ఏం గౌరవం. నేను రాకుండా ఉండింటే ఆ చెట్లు ఇంకో పూటన్నా బతికి ఉండేవి, ఆ పూటలో ఏమన్నా జరిగి ఉండేదేమో. నేను కోడికూర తింటా కాలువల కథ చెప్తాంటే వాడు గొడ్డళ్ళ పని అయ్యే టైము చూసుకున్నాడు. వాని మీద కోపమా, నా మీద కోపమా, ఆ పొద్దు వేరు చేయలేకపోయినాను. ఇప్పటికీ చేయలేను.

ఇంట్లో బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉండాడు. అక్క ట్రంకుపెట్టె సర్దతా ఉంది. చెయ్యి పడదని ఒట్టేసినాడు, ఉండిపోండి అందామనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని అనేది. నాలుగున్నరకు బస్సు. ఊర్లో ఒక్క తలుపు తెరుచుకోలేదు. పులివెందులలో ఆరుకు ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు బస్సు దొరికింది. ముగ్గురికీ సీట్లు దొరికినాయి. ఈ బస్సు మంచిదే, వేరేవాళ్ళు పోవాలన్నా దీన్నే ఎక్కండి.

ఆ దారిలో నాకు తెలిసొచ్చింది ఇంతే. వినాశనం చేసినోళ్ళ దగ్గర పాఠాలున్నాయని చెప్పేవాడు తాను ఎప్పుడూ గొడ్డలి పట్టినోడి పక్కనే ఉంటాననుకుంటాడు. నరికిన చెట్టు దిక్కున కూర్చుని ఆ పాఠం వింటే ఎట్లుంటుందో నాకు అరవై ఏండ్లు వచ్చేదాకా తెలియలేదు. సభలు పెట్టేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు ఒకసారి ఈ బస్సులో, మా అక్క పక్క సీట్లో కూర్చోవాల.

మా అక్క ఇంట్లో కోడిని గూడా కోయనీదు. పక్కింటికి పంపించి కోయించి తెప్పించుకుంటాది. ఎర్రగుంట్ల దాటినాక, బావ కునుకు తీస్తాంటే, నా దిక్కు తిరిగింది.

"ఎవురో రాజు కథ చెప్పినావంట గదా వానికి. ఒక్కన్ని గూడా మిగల్చకుండా చేసినాడంట."

"ఎవురు చెప్పినారు?"

"నరికేటప్పుడు వాల్లే చెప్పినారు. మీ తమ్ముడు చెప్పిన పాఠమే ఇది అని." పైట సరిచేసుకుంది. గొంతు పెరగలేదు. "నాకు గూడా చెప్పు అబ్బీ. శేఖర్ వాల్ల తోట మాదానికి రెండింతలు. నరికేదానికి ఎంతమంది కావాల?"

ప్రొద్దుటూరు బస్టాండులో దిగేదాకా నేను ఆమె ముఖం చూడలేకపోయినాను.