అలలు పోతాయి, నీళ్లు పోవు

మా ఆవిడ పదకొండేళ్లు ఒకటే అడిగింది, బందరు సముద్రం చూపించమని. సముద్రుడికి కొబ్బరికాయ మొక్కుకుందట. కాయ లోపలికి పోతే మొక్కు అందినట్టు, ఒడ్డుకు తిరిగొస్తే కాదన్నట్టు అని చెప్పేది. బెజవాడ వన్‌టౌన్‌లో నాది తాళ్ల కొట్టు. "వచ్చే కార్తీకంలో చూద్దాంలే" అనేవాణ్ణి. మొన్న వేసవిలో జ్వరమొచ్చి కన్నుమూసింది. ఈ కార్తీకంలో కొట్టు మూసి, కాయ పట్టుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. ఈ మొక్కయినా అందకపోతే ఆవిడ నన్ను క్షమించదనిపించింది.

ఎమర్జెన్సీ పుణ్యమా అని ఆరింటి బస్సు ఆరింటికే కదిలింది. టిక్కెట్టు నాలుగు రూపాయల లోపే. పక్క సీట్లో సంచీ పెట్టుకున్నాను. ఉయ్యూరులో ఎక్కినాయన "ఇక్కడెవరన్నా ఉన్నారాండీ?" అనడిగితే సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. తొమ్మిదికల్లా బందరు చేరి, రెండిడ్లీ తిని, మంగినపూడికి జట్కా ఎక్కాను.

నడుంలోతు నీళ్లలో నిలబడి, అలలు విరిగేచోటు దాటేలా కాయ విసిరాను. అల వస్తే లేస్తుంది, అల పోతే దిగుతుంది, మళ్లీ అక్కడే. లోపలికి పోదు, ఒడ్డుకు రాదు. ఒడ్డెక్కి పావుగంట చూశాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న యేసోబు అనే పెద్దాయన పలకరించాడు.

"ఏందండీ, అట్టా దిగాలుగా చూత్తన్నారు?"

"ఇన్ని అలలొస్తున్నాయి గదా, ఆ కాయ కదలదేంటయ్యా?"

"అలలు పోతాయండీ, నీళ్లు పోవు. ఏం యాపారం తవరిది?"

"తాళ్ల కొట్టు."

"తాళ్లమ్ముతా ఇది తెల్దా!" అని పకపకా నవ్వి, వలతాడు కొస నా చేతికిచ్చి, రెండో కొసతో దూరంగా వెళ్లి ఒక్క విదుపు విదిల్చాడు. తాడు పొడవునా ఒక మెలి పరిగెత్తుకొచ్చి నా అరచేతిని కొట్టింది.

"తాడేమన్నా మీకాడికొచ్చిందా?"

"లేదు."

"మరి దెబ్బో?"

"తగిలింది."

"అంతేనండీ. తాడు ఉన్నకాడే ఉంది, నా జోరు మీకాడికొచ్చింది."

"మరి నా మొక్కో?"

"అది తవరి చేతిలోంచి ఎప్పుడో బయలెల్లిపోయింది. ఇంక కాయతో పనేంటండీ?"

సాయంత్రం బస్సులో అరచేయి చూసుకుంటూ కూర్చున్నాను. ఇరవయ్యేళ్లు తాళ్లు కొలిచి అమ్మాను, ఏనాడూ ఒకటి విదిల్చి చూడలేదు. మనిషి వంటింటి గడప దాటకుండానే ఆగిపోయింది. ఆవిడ అడగడం మాత్రం ఆగలేదు, పదకొండేళ్లు నడిచి నడిచి నన్ను తాకింది. క్షమించిందో లేదో నాకు తెలీదు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. బందరులో జట్కావాడు ఒకరెక్కినా ఇద్దరెక్కినా అదే బాడుగ తీసుకుంటాడు. ఇద్దరూ వెళ్లండి.