సంతకానికి తలనీలాలు

చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. కంచికి పట్టుచీరలు కొనడానికి పోతూ మధ్యలో టిఫిన్‌కు ఆగే ఊరు. అయినా అది తమిళనాడు. అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. పిల్లలిద్దరూ నా దగ్గరే ఉండాలని విడాకుల కాగితంలో రాశారు. వాళ్ళను రాష్ట్రం దాటించాలంటే మాత్రం తండ్రి సంతకం కావాలని కూడా రాశారు. రెండేళ్ళుగా పిల్లల పుట్టినరోజుకు ఫోన్ కూడా చేయని మనిషి సంతకం.

అడగడానికి తిరుచానూరులో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, తలెత్తలేదు. మాట్లాడిందంతా వాళ్ళమ్మ.

"పాప పేరు మీద మొక్కుండాది. తలనీలాలు ఇచ్చినాక యాడికైనా తీసకపో. అంతవరకు మావాడు సంతకం పెట్టడు."

పాపకు పదకొండేళ్ళు. జడ నడుము దాటింది.

"చిన్నప్పుడే ఇచ్చేసుండచ్చు గదా, అత్తా" అన్నాను. ఆ 'అత్తా' ఇంకా నోట్లోంచి వస్తున్నందుకు నామీద నాకే రోత పుట్టింది.

"అప్పుడు కుదర్లేదు" అందామె.

పాపకు టైఫాయిడ్ వచ్చినప్పటి మొక్కేమో అనుకుని ఇంకేమీ అడగలేదు. మా వైపు మొక్కు అంటే ఎవరమూ తర్కించం, నోరు మూసుకుంటాం. దేవుణ్ణి ముందు నిలబెట్టి బేరమాడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఆమె ఇచ్చిన కాఫీ అట్లే పెట్టేసి లేచాను.

కోర్టుకు పోవచ్చు. కానీ వాయిదా వచ్చేలోపల ఉద్యోగం ఇంకొకరికి పోతుందని వకీలు చెప్పాడు.

ఇంటికొచ్చి పాపకు చెప్పాను.

"నాయన సంతకం పెట్టకుంటే మనం పోలేమా?"

"పోలేం."

"అయితే ఇచ్చేస్తాలే" అంది. ఏడ్చి గోల చేసుంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

కొండ మీద కల్యాణకట్టలో తనే జడ విప్పుకుని కూర్చుంది. తమ్ముడు నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు. కత్తి తగలగానే నేను అటు తిరిగి నిలబడ్డాను. బయటికొచ్చి పాప నున్నటి తలకు గంధం పూస్తుంటే, వాళ్ళమ్మతో వచ్చిన ఆయన అనుమతి కాగితాన్ని గోడకు ఆనించి సంతకం గీకాడు. కూతురి వైపు ఒకసారి కూడా చూడలేదు.

వాళ్ళమ్మ మాత్రం తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. "మావాడి ఉద్యోగం పర్మనెంటయితే ఇంటి ఆడబిడ్డ నీలాలు ఇస్తానని మొక్కుకున్న్యా. నాలుగేండ్లయింది. ఇప్పటికి బరువు దిగినాది."

పర్మనెంటయినవాడు ఆయన. ఉద్యోగం చేస్తున్నవాడికి నిండుగా జుట్టుంది, దువ్వెన కూడా జేబులోనే ఉంది. ఆ మాటలు పాప కూడా విన్నది.

వారం తర్వాత సామాన్లతో వేలూరు బస్సెక్కాం. చెక్‌పోస్టు దాటినాక పాప తలకు కట్టిన స్కార్ఫు సర్దుకుంటూ అడిగింది.

"ఆ మొక్కు నాయన కోసమని నీకు తెలుసా?"

"తెలీదు."

"తెలిసుంటే వద్దనేదానివా?"

చేతిలోని సంచీలో ఆ కాగితం ఉంది. వద్దనేదాన్ని కాదు. ఆ మాట బిడ్డతో చెప్పలేక, కిటికీ అద్దం మూయమన్నాను.