హీరో మంచివాడేనన్నారు

గురువారం మధ్యాహ్నం మా హాస్టల్ గదిలో ఎవరూ నిద్రపోయేవాళ్ళు కాదు. మెస్‌లో అన్నం తిని రాగానే తలుపు గడియ పెట్టి మంచాలు దగ్గరికి జరిపేవాళ్ళం. ఆ వారం పత్రిక పొద్దున్నే తార్నాక చౌరస్తాలో పేపర్ల కొట్టు ముందు వేలాడేది. దాన్ని కొనుక్కొచ్చే వంతు ఒక్కో వారం ఒకరిది. సీరియల్ పైకి చదివే పని మాత్రం ఎప్పుడూ అక్కదే. మిగతా వాళ్ళం తలకు నూనె రాసుకుంటూనో, గోళ్ళు కత్తిరించుకుంటూనో వినేవాళ్ళం.

అక్క అంటే నా సొంత అక్క కాదు. మెదక్ దగ్గర పల్లె నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తోంది, మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంచేత హాస్టల్ మొత్తానికీ అక్క. పెళ్ళయింది. భర్త రైల్వేలో పని, మెట్టుగూడలో క్వార్టర్. శనివారం సాయంత్రం అక్కడికి వెళ్ళి సోమవారం పొద్దున వచ్చేది. అంత దగ్గర్లో ఇల్లు పెట్టుకుని ఈ మెస్ పప్పుచారు ఎందుకు తింటున్నావని అడిగితే, "థీసిస్ గావాల్నా వద్దా?" అని మా నోరు మూయించేది.

గదిలో మూడో మనిషి బోటనీ అమ్మాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చింది. నాలుగోది విద్యానగర్‌లో ఇల్లున్న నా క్లాస్‌మేట్, సీరియల్ కోసమే గురువారాలు మా గదికి వచ్చేది. నేను బ్యాంకు ఉద్యోగి కూతుర్ని. మా వాళ్ళది కోస్తా, నాన్న ఉద్యోగం అప్పట్లో నిజామాబాద్‌లో.

ఆ ఏడాది నడుస్తున్న సీరియల్‌లో హీరోకి కాఫీ తోటలున్నాయి, పొగరుంది, తల్లి లేదు. హీరోయిన్ అతని దగ్గర ఉద్యోగానికి వస్తుంది. కొన్ని వారాలు కోపతాపాలు అయ్యాక ఒక రాత్రి ఆమె గదిలోకి వెళ్ళి తలుపు మూస్తాడు. అలాంటి చోట రాసినవాళ్ళు వాక్యం పూర్తి చేయకుండా వరసగా చుక్కలు పెట్టేవారు. చుక్కల్ని పైకి చదవడం ఎలా? అక్క గొంతు తగ్గించి "చుక్కలు, చుక్కలు, చుక్కలు" అనేది, మేం పకపకా నవ్వేవాళ్ళం. తర్వాతి పేరాలో తెల్లవారేది. ఆమె దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తుంటే, అతను కిటికీ దగ్గర నిలబడి పశ్చాత్తాపంతో సిగరెట్ కాలుస్తుండేవాడు.

ఆ ఒక్క సిగరెట్ చాలు మాకు. పత్రిక మూయగానే తీర్పులు మొదలు.

"తల్లి లేని పిలగాడు. ప్రేమ ఎట్ల చూపియ్యాల్నో తెల్వది పాపం," అనేది అక్క.

"ఇష్టం లేకపోతే ఆ రాత్రి గడియ ఎందుకు పెట్టుకోలేదే ఆవిడ?" అనేది విద్యానగర్ అమ్మాయి.

"చూస్తుండున్రి, లాస్టుకు పెండ్లి చేస్కుంటడు," అని బోటనీ అమ్మాయి భరోసా ఇచ్చేది.

నేనూ వాళ్ళతో పాటే. ఇంకా చెప్పాలంటే, ఊరెళ్ళి ఒక వారం తప్పిపోయినవాళ్ళకి ఆ భాగం నోటితో చెప్పే పని నాదే. మేం చదవడం అవ్వగానే పత్రిక పక్క గదులకు వెళ్ళిపోయేది, మళ్ళీ దొరికేది కాదు. అందుకని నేను డైలాగులతో సహా చెప్పేదాన్ని. నువ్వు చెబితేనే బాగుంటుందే, చదివితే అంత బాగుండదు అనేవారు. తప్పిపోయిన మనిషి విన్నాక తన తీర్పు తను చెప్పాలి. అది మా గది పద్ధతి.

దసరా సెలవుల్లో నాకు సంబంధం కుదిరి తాంబూలాలు పుచ్చుకున్నారు. అతను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, తార్నాకలోనే మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. పెళ్ళి మేలో అన్నారు. ఆదివారాలు హబ్సిగూడలో టిఫిన్ తినిపించి, చీకటి పడకముందే స్కూటర్ మీద హాస్టల్ గేటు దగ్గర దించేవాడు. నాకు నచ్చాడు. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత అందరూ పట్టుకునేది దీన్నే.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక ఆదివారం, వాళ్ళమ్మ పంపిన చీరలు చూద్దువుగాని రమ్మని గదికి తీసుకెళ్ళాడు. కింద ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. ఆ సంగతి అతనికి తెలుసు, నాకు తెలియదు. వద్దన్నాను. పెళ్ళయ్యేదాకా వద్దు అన్నాను, ఆ తర్వాత వట్టి వద్దు ఒక్కటే అన్నాను. చేతులు తోసేశాను. ఏడ్చాను. అతను ఆగలేదు. అయిపోయాక స్టవ్ వెలిగించి టీ పెట్టాడు, చక్కెర సరిపోయిందా అని అడిగాడు. గేటు దగ్గర దించి "జాగ్రత్తగా వెళ్ళు" అన్నాడు.

దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియలేదు. పేపర్లో రాసే మాటలన్నీ ముక్కూమొహం తెలియని దుర్మార్గుల గురించి. వాళ్ళెవరూ చక్కెర సరిపోయిందా అని అడగరు. నాలుగు రోజులు నా ఒళ్ళు నాది కానట్టు తిరిగాను. స్నానం చేసి వచ్చి మళ్ళీ స్నానానికి వెళ్ళాను. అందరి మీదా మండిపడ్డాను, బకెట్ తీసిందని బోటనీ అమ్మాయిని తిట్టిపోశాను. పెళ్ళి వద్దని నాన్నకు చెప్పాలి. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? నాకే నమ్మకం లేని మాట నాన్నను ఎలా నమ్మించడం?

గురువారం వచ్చింది. ఆ వారం సీరియల్ అయిపోగానే నేను, "ఇంకో పత్రికలో కొత్త సీరియల్ మొదలైంది, ఇంటికెళ్ళినప్పుడు చదివాను, చెప్పనా?" అన్నాను. మనసులో ఒకటే అనుకున్నాను. ఈ ముగ్గురిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అదేంటి, అది తప్పు కదా అంటే చాలు. ఆ సాయంత్రమే తార్నాక ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి నాన్నకు ఫోన్ చేస్తాను.

అతన్ని విశాఖపట్నం డాక్టర్ని చేశాను. ఆమెను డిగ్రీ అమ్మాయిని చేశాను. మిగతాదేదీ మార్చలేదు. చీరలు, మేడ మీద గది, కింద తాళం. "ఆమె వద్దంది," అన్నాను.

"చుక్కలు, చుక్కలు, చుక్కలు!" అన్నారు అక్క తప్ప మిగతా ఇద్దరూ ఒక్కసారే.

"ఇందులో చుక్కలు లేవే. ఏం జరిగిందో అంతా రాశారు."

"ఛీ, గట్లెట్ల రాస్తరు? సిగ్గుండాలె," అంది బోటనీ అమ్మాయి. "గది విడిచిపెట్టు, తర్వాత ఏమైందో చెప్పు."

గది విడిచిపెట్టాను. తర్వాత టీ పెట్టాడని చెప్పాను.

"అయ్యో, టీ పెట్టిచ్చాడా! ఎంత స్వీటే," అంది విద్యానగర్ అమ్మాయి. "అసలు పెళ్ళి చేసుకోబోయేవాడేగా, దీంట్లో కథేముంది? ఒక్కతే గదికి ఎందుకెళ్ళిందట?"

"పోయిందంటేనే ఇష్టం ఉన్నట్టు," అంది బోటనీ అమ్మాయి. "నాలుగు వారాలు అలిగి కూసుంటది, గంతే. ఆయన బతిమాలుతడు. మస్తుంటది సూడు."

అందరం అక్క వైపు చూశాం. చివరి తీర్పు ఆమెదే. అక్క పత్రికను చుట్టలా చుట్టి గట్టిగా పట్టుకుంది, తల ఎత్తలేదు.

"హీరో మంచోడే," అంది. "జర తొందరపడ్డడు."

ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసి కూర్చున్న పిల్లలు. అయినా ఆ మధ్యాహ్నం ఆ మంచం మీద నేను చచ్చిపోయాను, వాళ్ళు గోళ్ళ రంగు ఆరబెట్టుకున్నారు.

వాళ్ళిద్దరూ ల్యాబుకనీ ఇంటికనీ వెళ్ళిపోయాక, వరండాలో బట్టలు తీస్తుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"గా సీరియల్ ఏ పత్రికల వస్తున్నది?"

నోటికొచ్చిన పేరు చెప్పాను.

"అన్ని పత్రికలు చదువుత నేను. అండ్ల గిది లేదు." తీగ మీది తువ్వాలు తీసి నాకిచ్చింది. "నీ ముచ్చటనే గదా?"

తల ఊపాను. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ఆ క్షణంలో నాకు అంతకు మించి ఏ కోరికా లేదు. అక్క గోడకు ఆనుకుని కిందికి జారి గచ్చు మీద కూర్చుంది.

"శనివారం శనివారం పోతున్న గదా మెట్టుగూడకు. గా రెండు రాత్రులు ఎట్లుంటయో నీకెరుకేనా? వద్దు అన్న మాట ఆయనకు ఇనబడదు. మా అమ్మకు చెప్తే, మొగడు గాదా, అన్నది. గా కథలు చదువుకుంట చదువుకుంట, గా హీరోలు మంచోళ్ళని మీకు చెప్పుకుంట, ఈయన గూడ మంచోడే అనుకున్న. గట్లనుకోకుంటే ఎట్ల బతకాల్నో చెప్పు."

నా కష్టం పక్కకు పోయి ఆమె కష్టం వచ్చి కూర్చుంది.

"మరి ఇందాక ఎందుకలా అన్నావక్కా? నువ్వొక్కదానివి తప్పంటే చాలని చూశాను."

"నీది తప్పయితే నాది గూడ తప్పయితది," అంది. ఏడవలేదు, థీసిస్ గురించి మాట్లాడినట్టే మాట్లాడింది. "ఇయ్యాల ఆ మాటంటే ఎల్లుండి బస్సెక్కనీకి నాకు కాళ్ళు రావు. యాడికి పోవాలె నేను? నీకంటే నాయిన ఉన్నడు. నువ్వు చెప్పుకో, పో. నన్ను మాత్రం అడగకు."

నేను వెళ్ళలేదు. బూత్ దాకా నడిచాను, లోపల ఎవరో నవ్వుతూ మాట్లాడుతుంటే బయట నిలబడ్డాను, వాళ్ళు వచ్చేశాక కూడా నిలబడే ఉన్నాను. అన్నీ తెలిసిన అక్కే తప్పనలేనిదాన్ని బ్యాంకులో లెక్కలు చూసుకునే మా నాన్న తప్పంటాడా? ఒక్కదానివి గదికి ఎందుకెళ్ళావంటాడు. తొందరపడ్డాడంటాడు. ఆ మాట ఇంకొకసారి వినే ఓపిక నాకు లేకపోయింది.

శనివారం సాయంత్రం అక్కను బస్సెక్కించడానికి తార్నాక దాకా వెళ్ళాను. మెస్‌లో ఉప్పు ఎక్కువైందని మాట్లాడుకున్నాం. బస్సు వచ్చింది, అక్క ఎక్కింది, కిటికీ పక్కన సీటు దొరికింది, నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగేసరికి అతను స్కూటర్ ఆపి ఉన్నాడు. వారమంతా హాస్టల్‌కి ఫోన్ చేసినా నేను రాలేదట.

"ఇంకా అలకేనా?" అన్నాడు నవ్వుతూ.

అది అలక కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ఉన్న మాటలన్నీ గురువారం వాడేశాను.

"లేదు," అన్నాను.

"హమ్మయ్య," అని వెనక సీటు తుడిచాడు.

మేలో పెళ్ళయింది. ఇది రాస్తుంటే ఆయన పక్క గదిలోనే ఉన్నారు. నా అలక ఆ సాయంత్రమే తీరిపోయిందని ఇప్పటికీ అనుకుంటున్నారు.