పెరుగు మానేసిన చాముండేశ్వరి

మా మరదలు చాముండేశ్వరి గురించి నేను మంచి చెప్తున్నానంటే అది నిజమే అయి ఉండాలి. ఆడపడుచు నోట మరదలి మెప్పు ఊరికే రాదు కదా! తణుకు నుంచి మా తమ్ముడు జయదేవ్‌కి కట్టబెట్టి తెచ్చుకున్న నాటి నుంచీ చూస్తున్నాను, మొండిఘటం. విన్నిపెగ్ వచ్చి ఇన్నేళ్ళయినా మంచులో కారు తీయదు. "వదినా, కాస్త వస్తారా?" అని ఫోన్ చేస్తుంది, వీధి చివరి నుంచి నేను కారేసుకుని పరిగెత్తాలి. పగలంతా డేకేర్‌లో పసిపిల్లల ముక్కులు తుడిచి, ఇంటికొచ్చి ముగ్గురున్న కొంపలో పదిమందికి వండుతుంది. ఎవరైనా వద్దన్నారంటే ఇక అంతే, ఆ రోజంతా మూతి ముడుచుకునే ఉంటుంది.

ఇలాంటి మనిషికి గ్రీకు వియ్యం తగిలింది.

చాముండేశ్వరి కూతురు, నా మేనకోడలు ధాత్రి, ఆఫీసులో పరిచయమైన స్టెలియోస్‌ని చేసుకుంటానంది. పిల్లవాడు బంగారం. కాకపోతే వాడొక్కడూ రాడు, వాడి వెనక ఊరంతా వస్తుంది. మూడిళ్ళు వరసగా కొనుక్కుని, పెరట్లో కంచెలు పీకేసి, బాబాయిలూ పిన్నులూ వాళ్ళ పిల్లలూ అంతా ఒకే వంటింట్లో పడి తింటారు. ఆ వంటింటికి మహారాణి వాడి నాయనమ్మ కలియోపి. నాయనమ్మని వాళ్ళ భాషలో యాయా అంటారు కాబట్టి మేమూ యాయా అనే అనడం మొదలుపెట్టాం. స్టెలియోస్‌కి ఊహ తెలియకముందే తల్లి పోతే, ఎత్తుకుని పెంచింది ఆవిడే.

చిక్కంతా ఆవిడ దగ్గరే వచ్చింది. వాళ్ళ చర్చిలో పెళ్ళి జరగాలంటే ధాత్రి బాప్తిస్మం తీసుకోవాలి. ధాత్రి తీసుకోనంది. "చర్చి బయట జరిగే పెళ్ళికి నేను రాను" అని యాయా తేల్చేసింది. "యాయా లేకుండా నేను పీటల మీద కూర్చోలేను, కొన్నాళ్ళు ఆగుదాం" అన్నాడు స్టెలియోస్. ధాత్రి ఏడవలేదు, వాణ్ణి ఒక్క మాట అనలేదు. పెళ్ళి ఊసెత్తడం మానేసిందంతే. గలగలా తిరిగే పిల్ల అలా అయిపోతే మాకు ముద్ద మింగుడు పడలేదు.

పెళ్ళికి రానన్న ముసలావిడ పళ్ళెం మాత్రం పంపింది. మనవడు కాబోయే అత్తారింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదట! పిండి పొరల మధ్య పాలకూర, చీజ్ పెట్టి కాల్చిన వంటకం ఏదో పళ్ళెం నిండా తెచ్చాడు. తిని, పళ్ళెం కడిగి ఇచ్చేస్తే సరిపోయేది. మా మరదలు ఇస్తుందా?

"ఒకళ్ళ గిన్నె ఖాళీగా పంపుతామా వదినా, ఏం బాగుంటుంది?" అంటూ సున్నుండలు పేర్చి పంపింది.

తీరా చూస్తే అక్కడా ఇదే చాదస్తం. వాళ్ళిళ్ళల్లోనూ ఖాళీ పళ్ళెం తిప్పి పంపరట. బాదం బిస్కెట్లు వచ్చాయి. జంతికలు వెళ్ళాయి. తేనె కారే మిఠాయిలు వచ్చాయి, కజ్జికాయలు వెళ్ళాయి. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, చలికాలమంతా ఆ పళ్ళేనికి ఊపిరి సలపలేదు. స్టెలియోస్ రాని వారం ఆ మోత నాది. గడ్డకట్టే చలిలో వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, ఎవరో కోడలి చేతిలో పెట్టి వచ్చేదాన్ని.

"ఆవిడ మెత్తబడుతోంది వదినా. ఈసారి తేనె బాగా పోసింది చూడండి."

"తేనె చూసి ముహూర్తం పెట్టించేస్తావా ఏమిటి?" అని కసిరేదాన్ని. లోపల మాత్రం నాకూ అదే ఆశ.

ఉగాదికి బొబ్బట్లు చేసింది. పెనం మీద నెయ్యి ధార కట్టి పోసి, వేడివేడిగా పళ్ళెం నింపి పంపింది. అంతే. పళ్ళెం తిరిగి రాలేదు.

వారం చూశాం. ఆ పై వారమూ చూశాం. వంటింట్లో గిన్నెలు దబదబా పడుతున్నాయి. "నా చేతి తిండి గిట్టలేదన్నమాట. ఇక ఈ పెళ్ళికి నీళ్ళొదులుకోవడమే" అంది చాముండి. పోనీ ఫోన్ చేసి కనుక్కోవే అంటే పౌరుషం! చివరికి నేనే స్టెలియోస్‌ని వంటింట్లోకి లాక్కొచ్చి నిలదీశాను.

వాడు బుర్ర గోక్కున్నాడు. "ఆంటీ, మాకిప్పుడు ఈస్టర్ ఫాస్టింగ్. పండగ దాకా యాయా పాలు, వెన్న ఏవీ ముట్టదు. మీ స్వీట్స్ అన్నీ ఫ్రీజర్లో దాచింది. తినకుండా పళ్ళెం ఎలా పంపను, ఎలా ఉన్నాయని చెప్పను అంటోంది."

చాముండి నెత్తి కొట్టుకుంది. "అయ్యో రామ! ఉపవాసమున్న పెద్దావిడ ముందు నెయ్యి బొబ్బట్లు పెట్టానా! కార్తీక సోమవారం నాడు నాకెవరైనా ఇలా చేస్తే ఎంత తిట్టుకుందును! ఎంత పాపం వదినా!"

సారీ చెప్పి ఊరుకుంటే అది చాముండి ఎందుకవుతుంది? ఆ పూట నుంచి ఈస్టర్ దాకా ఆ ఇంట్లో పాలు, పెరుగు, నెయ్యి బంద్. ఆవిడ నిష్ఠకి తను అడ్డుపడింది కాబట్టి ఆ ఉపవాసం తనూ ఉండాలట. ఎవరడిగారమ్మా నిన్ను? గోదావరి జిల్లా మనిషి పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కుని లేవడం నా కళ్ళతో నేను చూశాను. పొద్దున్నే నల్ల డికాషన్ తాగి, వేపకషాయం తాగినట్టు మొహం పెట్టేది. మా తమ్ముడు వాకింగ్ వంకతో మా ఇంటికొచ్చి, నిలబడే పెరుగన్నం తిని, "అక్కా, దానికి చెప్పకే" అని మూతి తుడుచుకుని పోయేవాడు.

ధాత్రి తల్లి మీద విరుచుకుపడింది. "వై, అమ్మా? నువ్వు పెరుగు మానేస్తే ఆవిడ పెళ్ళికి వస్తుందా?"

"వచ్చినా రాకపోయినా నేను చేసింది తప్పు. నోర్మూసుకుని చారన్నం తిను."

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం మమ్మల్నందరినీ భోజనానికి పిలిచారు. పెరట్లో ఓ మూల ఇంకా మంచు కుప్ప కరగనే లేదు. ఇంకో మూల బాబాయిలంతా కోట్లు తొడుక్కుని, గొర్రెపిల్లని ఇనపకడ్డీకి గుచ్చి నిప్పుల మీద తిప్పుతున్నారు. గుడ్డు కూడా గడప దాటని ఇంట్లో పుట్టిన పిల్ల మా చాముండి. పట్టుచీర మీద పెద్ద జాకెట్ వేసుకుని, పొగ ఎటు వస్తే అటు నుంచి తప్పుకుంటూ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అందరికీ నమస్కారాలు పెడుతోంది.

అప్పుడొచ్చింది యాయా. నల్ల గౌను, నా భుజం దాకా కూడా రాని మనిషి. చాముండిని ఎగాదిగా చూసి, పలకరింపైనా లేకుండా చేతిలో బుట్ట ముందుకు చాపింది. దాని నిండా ఎర్రరంగు వేసిన ఉడకబెట్టిన గుడ్లు! ఆ రోజు ఒకరి గుడ్డుకి ఒకరి గుడ్డు తాటించి చూస్తారట, ఎవరిది పగలకపోతే ఆ ఏడాది అదృష్టం వాళ్ళదట.

"మా అమ్మ ఎగ్స్ ముట్టుకోదు, ప్లీజ్" అని ధాత్రి అడ్డం వచ్చింది. పెరడంతా మా వైపే చూస్తోంది. నేనైతే ఆ వెంకన్నకి మొక్కేసుకున్నాను.

చాముండి కొంగు చివర చేతికి చుట్టుకుని ఓ గుడ్డు తీసింది. "తినమనలేదుగా, ఆడమంది. ఆడితే ఏం పోయింది?"

యాయా ఇంకో గుడ్డు తీసి తాటించింది. టక్కుమంది. పగిలింది యాయా గుడ్డు!

ఇక చూడాలి ఆ కేకలు, ఈలలు. "ఆంటీ గెలిచింది! ఏం కావాలో కోరుకోమనండి!" అని ఓ బాబాయి అరిచాడు. మా మరదలు కోరిక కోసం వెతుక్కోవాలా?

"యాయా గారూ, మా పిల్ల పెళ్ళికి రండి" అంది. డేకేర్‌లో అంత గలగలా ఇంగ్లిష్ మాట్లాడే మనిషి ఆ ఒక్క మాటా కూడబలుక్కుని చెప్పి, రెండు చేతులూ జోడించింది.

యాయా గ్రీకులో ఏదో చెప్పింది. స్టెలియోస్ వింటూ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"వస్తానంటోంది ఆంటీ, గెలిచినందుకు మాత్రం కాదట. మీ ఉపవాసం సంగతి నేనే చెప్పాను. 'నా ఇంట్లో నా కోడళ్ళే నాతో ఉపవాసం ఉండలేదు. నేనెవరో చూడనైనా చూడని దానివి నువ్వు ఉన్నావు. నా దేవుడి కోసం నువ్వు నోరు కట్టేసుకుంటే, నీ దేవుడి ముందు నేను ఒక్క పూట కూర్చోలేనా?' అంటోంది."

ధాత్రి వెళ్ళి ఆవిణ్ణి వాటేసుకుంది. యాయా దాని వీపు నిమిరి, చాముండి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. తన చేత్తో తోడుపెట్టిన గట్టి పెరుగు గిన్నెడు తెచ్చి ముందు పెట్టి, తిను తినమని చేత్తో సైగ చేసింది. వద్దనే మనిషి కాదు కదా మా మరదలు, ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేసింది. పక్కన నిలబడి నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది!