ఆవకాయ జాడీలో ప్రశ్నలు

మా వంటింట్లో ఒక పింగాణీ జాడీ ఉంది. అందులో ఆవకాయ పెట్టడం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా మూత తీస్తే ఇప్పటికీ ఆవపిండి ఘాటు ముక్కుకు తగులుతుంది. నిన్న సాయంత్రం అలా తీస్తే అడుగున ఒక చీటీ కనబడింది. పదో తరగతి చదివే మా అమ్మాయి కృప రాసి వేసింది: "ఊహ తెలవనప్పుడు ఇచ్చిన బాప్తిస్మం నాదెట్లయితది? నా ఫ్రెండ్స్ పెద్దయినంక తీసుకున్నరు. నన్ను ఎవ్వరూ అడగనే లేదు." చీటీ పట్టుకుని అక్కడే పీట మీద కూలబడ్డాను. ఆ జాడీ మా సువార్తమ్మ టీచరమ్మది. ఆమె ఉంటే ఈ చీటీ చూసి ఎంత మురిసిపోయేదో.

ఎల్బీనగర్‌లో ఆమె ఇంటి పైగదిలో మేం కిరాయికి ఉండేవాళ్ళం. నేనూ, ఆటో నడిపే మా ఆయన సైదులూ నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాళ్ళం. ఆమెది గుంటూరు జిల్లా. భర్త పోయాడు, బడిపంతులమ్మగా రిటైరైంది. తాతలనాటి లూథరన్ క్రైస్తవ కుటుంబం కాబట్టి చర్చిని గుడి అనేది, పాస్టరును అయ్యగారు అనేది. ఆదివారం మధ్యాహ్నం వరండాలో చాప పరిచి, బైబిలు వినడానికి వచ్చినవాళ్ళ మధ్యలో ఖాళీ జాడీ పెట్టేది. నోటితో అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలు చీటీ మీద రాసి అందులో వేయాలి, పేరు రాయకూడదు. నిజం చెప్పాలంటే నేను మొదట వెళ్ళింది దేవుడి కోసం కాదు. పైగదిలో ఒక్కదాన్నీ ఉండలేక, ఆమె ఇచ్చే చాయ్ కోసం వెళ్ళాను. పుణ్యం చేసినోళ్ళనే కదా దేవుడు చేరదీసేది అని మొదటి చీటీ వేశాను. పంతులమ్మ కదా, చేతిరాత చూసి పట్టేసింది.

"మీ అమ్మ అన్నం పెట్టేటప్పుడు, ఇవాళ ఎన్ని పనులు చేశావని అడిగేదా యాదమ్మా?"

"అడగకపోయేది. తిన్నంక మాత్రం గిన్నెలు తోమమనేది."

"అదీ సంగతి. గిన్నెలు తోమావని అన్నం పెట్టలేదు. అన్నం తిన్నావు కాబట్టి తోమావు. దేవుడి దగ్గరా అంతే."

ఎంత పూజ చేసినా ఇంకా ఏదో తక్కువైందని భయపడే మనిషిని నేను. ఆ మాట విన్న రోజు కడుపు నిండా తిని పడుకున్నట్టు నిద్రపట్టింది. మరుసటి ఏడు బాప్తిస్మం తీసుకున్నాను. సైదులు అడ్డు చెప్పలేదు, అలాగని రానూ లేదు.

అంతలో తెలంగాణ ఉద్యమం ముదిరింది. సైదులు ఆటోకు జెండా కట్టి చౌరస్తాలోని దీక్షా శిబిరంలోనే ఉండేవాడు. ఒకరోజు మెట్ల మీద టీచరమ్మ ఎదురైతే, "మీ ఆంధ్రోళ్ళు ఎప్పుడు పోతరు?" అని మొహం మీదే అడిగేశాడు. "ఆ ప్రశ్న కూడా జాడీలో వెయ్యి నాయనా," అందామె. అతను నవ్వలేదు. ఆ తర్వాత నెలల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ మధ్య నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

నెలలు నిండకుండానే కృప పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న దవాఖాన. మూడోరోజు బంద్. పొద్దున పిల్ల బాగానే ఉందని సైదులు శిబిరానికి వెళ్ళాడు. పది దాటాక పిల్ల ఒళ్ళు నీలం తిరిగింది. ఆశ పెట్టుకోవద్దంది డాక్టరమ్మ. సైదులు ఫోను కలవడం లేదు. పేరైనా లేకుండా, బాప్తిస్మం లేకుండా నా బిడ్డ పోతుందేమోనని నాకు ఒకటే దడ. అయ్యగారి ఇల్లు మూసారాంబాగ్ అవతల, దారులన్నీ మూసేశారు. ఆయన ఫోనులో, "టీచరమ్మను పిలువు. ప్రాణం మీదికొచ్చినప్పుడు విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చు, మన పద్ధతే అది," అన్నారు.

టీచరమ్మ గొడుగు వేసుకుని నడిచి బయల్దేరిందట. చౌరస్తాలో రోడ్డుకడ్డంగా కూర్చున్నవాళ్ళలో సైదులూ ఉన్నాడు. అన్ని నెలల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట, "బిడ్డకు బాగోలేదు, పద." అడ్డం పెట్టిన బండలు తన చేతులతోనే జరిపి, జెండా కట్టిన ఆటోలో ఆమెను తీసుకొచ్చాడు.

ఆమె స్టీలు గ్లాసులో నీళ్ళు తెమ్మంది. "పేరేంటి?" అని అడిగింది.

"మీరే పెట్టుండ్రి టీచరమ్మా."

"తల్లివి నువ్వు. చెప్పు."

"కృప," అన్నాను. తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర మూడుసార్లు పిల్ల నుదుటి మీద నీళ్ళు పోసింది. సగం నీళ్ళు నా దుప్పటి మీదే పడ్డాయి. సైదులు చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

పిల్ల బతికింది. మందుల వల్లా, దేవుడి వల్లా అని అడిగితే, మందులిచ్చిందెవరు అనేది టీచరమ్మ. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమెను గుడికి తీసుకెళ్ళింది సైదులు ఆటోనే.

నా బుద్ధి మాత్రం ఊరుకోలేదు. పిల్లకు ఏడాది నిండబోతుంటే, తెల్ల గౌను కుట్టించి, నలుగురికి భోజనాలు పెట్టి, గుడిలో అయ్యగారి చేతుల మీద మళ్ళీ బాప్తిస్మం చేయిద్దామన్నాను. దవాఖానలో ఒక ఆడమనిషి స్టీలు గ్లాసుతో పోసిన నీళ్ళు లెక్కకొస్తాయా అని ఇరుగుపొరుగు నా చెవినేశారు మరి. ఆమె నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే.

"గౌను కుట్టించుకో, భోజనాలు పెట్టుకో. గుడిలో అందరి ముందు అయ్యగారు ప్రార్థన చేస్తారు. బాప్తిస్మం మాత్రం మళ్ళీ లేదు. నేను పోసింది నీళ్ళే, మాట నాది కాదు. నువ్వు నా బిడ్డవని దేవుడు ఒకసారి ఇచ్చిన మాటను మళ్ళీ ఇమ్మంటే, మొదటిసారి అబద్ధమాడావన్నట్టే కదటే?"

తెలంగాణ వచ్చింది. ఆమె ఎక్కడికీ పోలేదు. చివరి రోజుల్లో మీర్‌పేట్‌లో చెల్లెలి ఇంట్లో మంచాన పడి ఉంటే చూడబోయాను. జాడీ నా చేతికిచ్చింది.

"యాదమ్మా, నీకో మాట చెప్పాలి. ఆ రోజు బిడ్డ బతుకుతుందని నేను నమ్మలేదు. దేవుడున్నాడా అని కూడా అనిపించింది. నమ్మకం లేని చేత్తో పోశాను. ఇప్పుడిలా పడుకుంటే అదే గుర్తొస్తోంది. నాకూ భయమేస్తోందే."

అందరికీ జవాబులు చెప్పిన మనిషి నా చెయ్యి పట్టుకుని అలా అంటే నాకు ఏడుపొచ్చింది. వచ్చిన మాట ఒక్కటే. "మీరు పోసింది నీళ్ళే గద టీచరమ్మా. మాట మీది కాదు."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నా పాఠం నాకే అప్పజెప్తున్నావా?" అంది. మళ్ళీ తనే, "ఇంకొక్కసారి చెప్పు," అంది. చెప్పాను. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లూ చెప్పాను.

కృప బడి నుంచి వచ్చే వేళైంది. నన్ను అడగలేదు కదా అంటే, నిజమే, నిన్ను అడగలేదనే చెప్తాను. ఆ రోజు నమ్మకం నీకూ లేదు, నీళ్ళు పోసిన టీచరమ్మకూ లేదు, ఏడుస్తూ కూర్చున్న నాకూ లేదు బిడ్డా. అయినా దేవుడు నీకు మాట ఇచ్చాడు.